వంద చింతగింజలు

తిరుత్తణి బజారులో మా చిన్నాన్న కిరాణా కొట్టు మీద రెండు గదులున్నాయి. ముందు గదిలో ఇరవై రెండేళ్ళుగా గిటారు నేర్పుతున్నాను. నా పేరు రంగనాథం. మా వాళ్ళందరూ కొట్లో కూర్చుని బతికినవాళ్ళే. నేనొక్కణ్ణే గిటారు పట్టుకుని పాటకచేరీల వెంట ఊళ్ళు తిరిగి, కచేరీలు పలచబడ్డాక పంతులునయ్యాను. కోపిష్ఠివాణ్ణి. ఆ సంగతి బజారంతా తెలుసు. పిల్లలు మెట్లెక్కేముందు కింద కొట్లో "సార్ ఈ పొద్దు ఎట్లుండారు" అని కనుక్కుని మరీ ఎక్కుతారు. నా గొప్ప చెప్పుకోవడానికి ఇదంతా మొదలుపెట్టలేదు. వనజాక్షి గురించి చెప్పాలంటే ముందు నేనెలాంటివాణ్ణో తెలియాలి.

వనజాక్షిది తిరువాలంగాడు. నేతపని వాళ్ళ ఇల్లు. భర్త గుణ పవర్‌లూమ్ షెడ్డులో పనిచేస్తాడు. ఆమె మాత్రం ఇంట్లో, అత్తగారి నాటి గుంట మగ్గం మీద నూలు చీరలు నేసేది. చిన్నప్పుడు బడిలో ఆరోగ్యస్వామి అనే మాస్టారు ప్రార్థన పాటలకోసం నాలుగు కార్డ్స్, అంటే ఒకేసారి మోగించే స్వరాల గుత్తులు, నేర్పితే, ఆ నాలుగింటినే పదిహేనేళ్ళపాటు వదలకుండా వాయించుకుంది. గిటారు మగ్గం పక్కనే మేకుకు వేలాడుతూ ఉండేదట. తిరువళ్ళూరులో బడి నడిపే ఎస్తేర్ మేడం ఒకరోజు చీరలకోసం వాళ్ళింటికి వచ్చి, గిటారు చూసి, ఏదీ వాయించమంది. విన్నాక, "వచ్చే జూన్‌లో మాకు సంగీతం టీచరు కావాలి. గిటారు ఐదో గ్రేడు పాసై రా, ఆ ఉద్యోగం నీకే" అంది. చేనేత చీర అడిగేవాళ్ళు ఏటికేడూ తగ్గిపోతున్నారు. మగ్గం మూతపడేలోగా ఆ ఉద్యోగంలో కుదురుకోవాలి. వనజాక్షికి కావలసింది అదొక్కటే. పరీక్షకు పది నెలలుంది.

అలా ముప్పై రెండేళ్ళ వయసులో, వారానికి మూడుసార్లు రైలెక్కి నా దగ్గరికి వచ్చేది. ఆమె ఎడమచేతి వేళ్ళు చూసిన మొదటిరోజే నాకు ఆశ పుట్టింది. ఏ వేలికావేలు విడిగా కదులుతుంది. నేను ఏళ్ళ తరబడి పిల్లల చెవులు పిండినా రాని కదలిక అది. నా శిష్యుల్లో ఎవరూ మూడో గ్రేడు దాటలేదు. ఈమెను ఐదో గ్రేడు దాటిస్తే తిరుత్తణిలో నా పేరు ఎలా ఉంటుందో ఆ రోజే ఊహించుకున్నాను. ఉద్యోగం ఆమెకు, పేరు నాకు. సిగ్గుగా ఉన్నా నిజం చెప్పాలి కదా.

పరీక్షలో ముందు స్కేల్స్ అడుగుతారు. స్కేలంటే మన సరిగమల్లాంటిదే, స్వరాల మెట్లు. మందపు తీగ మీద మొదలుపెట్టి సన్న తీగ చివరిదాకా ఎక్కాలి, మళ్ళీ దిగాలి. మూడు స్థాయిల జి మేజర్ స్కేలులో మూడో తీగ దగ్గర చెయ్యి మొత్తం పైకి జరగాలి. అందరూ తప్పేది అక్కడే. దానికి నా దగ్గరొక మందు ఉండేది. మా గురువు నాకు పోసిన మందే. గిన్నెలో వంద చింతగింజలు. స్కేలు తప్పులేకుండా ఒకసారి వాయిస్తే ఒక గింజ పక్క గిన్నెలోకి. ఎక్కడ తప్పినా సరే, గింజలన్నీ తిరిగి మొదటి గిన్నెలోకి, నువ్వు తిరిగి మొదటి స్వరానికి. వందా దాటేదాకా లేవకూడదు. నా వేళ్ళు రక్తం కారినా మా గురువు ఊరుకోలేదు. అందుకే నాకింత వచ్చిందని నమ్మేవాణ్ణి. ఏమంత వచ్చిందో ఒక్కరోజైనా ఆలోచించుకోలేదు.

రెండో నెలలో ఒకరోజు నేను భోజనం చేసి మెట్లెక్కుతుంటే గదిలోంచి వింత మోత వినబడింది. స్కేలు కాదు. ఐదే స్వరాలు. అవి కూడా నిద్రమత్తులో వాయించినట్టు, మెల్లగా. చెయ్యి జరిగేచోటికి ముందు రెండు, తర్వాత రెండు. కాసేపాగి అవే. తర్వాత వెనక ఇంకొక స్వరం కలుపుకుని అవే. గింజల గిన్నె ముట్టినట్టే లేదు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాను.

"పోగు తెగినకాడ ముడేస్తా ఉండాను సార్" అంది, తలెత్తకుండా.

"అంటే?"

"చీర నేసేటప్పుడు పడుగులో పోగు తెగిందనుకోండి. తెగినకాడే కదా సార్ ముడేసేది. మొదుట్నించి చీర నేస్తామా? నాకు తెగేది ఈ ఒక్కకాడే. కింద మెట్లు బాగానే వస్తా ఉండాయి. వచ్చినదాన్నే మళ్ళా మళ్ళా వాయిస్తే, రానిది ఎప్పుడొస్తాది?"

ఇంకొకటి కూడా అంది. తీగను అంత గట్టిగా నొక్కాల్సిన పని లేదనిపిస్తోందట. పడుగు మరీ బిగిస్తే పోగులు తెగుతాయట, వదులైతే నేత నిలవదట, ఆ మధ్యలో చేతికి తెలిసే బిగువు ఒకటి ఉంటుందట. తీగ మోగేటంత నొక్కితే చాలదా అని అడిగింది.

అప్పటికి ఇరవై ఏళ్ళ పంతులుగిరిలో నాకెవరూ ఇంత మంచి మాట చెప్పలేదు. నేనేమన్నానో తెలుసా? "ఇది మగ్గం కాదు వనజాక్షీ. నేర్చుకోడానికి వచ్చావా, నేర్పడానికి వచ్చావా?" అన్నాను. గిన్నె ఆమె ముందుకు తోశాను.

"సరి సార్" అంది. ఆమె నోట నేను ఎక్కువగా విన్నమాట అదే.

అప్పట్నించి ఆమె నా దారికి వచ్చింది. నేతపనిలో చీర మగ్గం మీదికెక్కితే దించేదాకా వేరే ధ్యాస ఉండదు. ఒంట్లో బాగున్నా లేకపోయినా నెయ్యాల్సిందే. ఆమెలోని మంచి ఉపాయాన్ని తోసిపారేసి, ఈ మొండితనాన్ని మాత్రం నేను బాగా వాడుకున్నాను. ఒక గిన్నె, వంద గింజలు ఇంటికిచ్చి పంపాను. పొద్దున మగ్గం, సాయంత్రం గింజలు. ఎనభై మూడో గింజ దగ్గర తప్పితే మళ్ళీ ఒకటి నుంచి. టక్ టక్‌మని తాళం వేసే మెట్రోనోమ్ వేగం వారం వారం పెంచాను. గట్టిగా నొక్కు, ఇంకా గట్టిగా అని పక్కన నిలబడి అరిచేవాణ్ణి.

ఆరో నెలలో చెప్పింది. "సార్, చిటికినేలు తిమ్మిరి పట్టేస్తా ఉండాది. పక్క ఏలు కూడా. తెల్లారి లేస్తే మోచెయ్యి కాడ్నించి జివ్వుమంటాది."

"తిమ్మిరి పడుతోందంటే వేలు నేర్చుకుంటోందని అర్థం" అన్నాను.

ఈ వాక్యాన్ని నేనెక్కడా చదవలేదు, మా గురువు కూడా అనలేదు. అప్పటికప్పుడు నోటికొచ్చింది అనేశాను. ఆమె నమ్మింది.

మా ఆవిడ కమలాంబకు గిటారు గురించి ఓనమాలు తెలియవు. కాఫీ ఇవ్వడానికి గదిలోకి వచ్చి వెళ్ళేది. ఒకరోజు వంటింట్లో నన్ను ఆపి, "ఆ పిల్ల గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుంటా ఉండాది, చూసినారా?" అంది.

"కాఫీ వేడిగా ఉండుంటుంది" అన్నాను.

"ఆరిపోయిన కాఫీ కూడా అట్లనే పట్టుకునింది" అంది కమలాంబ. నేను పేపరు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళిపోయాను.

పరీక్ష చెన్నైలో. నేను కూడా వెళ్ళాను, శిష్యురాలి గెలుపు పక్కనుండి చూద్దామని. లోపలికి పంతుళ్ళను రానివ్వరు. వరండాలో తలుపు పక్కన బల్ల మీద కూర్చున్నాను. లోపల స్కేలు మొదలైంది. జి మేజరే అడిగారు. కింద మెట్లు ముత్యాల్లా పలికాయి. పలకవా మరి, ఆ ముక్కను ఎన్ని వేలసార్లు వాయించి ఉంటుందో. మూడో తీగ దగ్గరికి వచ్చింది. చెయ్యి జరిగింది. చిటికెన వేలు తీగను అందుకోలేదు. ఆగింది.

అక్కడే ఆగి, ఆ స్వరం అందుకుని ముందుకు పోతే ఒకటి రెండు మార్కులు తగ్గేవి, అంతే. కానీ ఆమె చేతికి నేను నేర్పింది వేరు. మళ్ళీ మొదటి స్వరం వినబడింది. మళ్ళీ ముత్యాలు. మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారి మొదటి స్వరం. ముందుకు పో తల్లీ, ముందుకు పో అని లోలోపల అరుస్తున్నాను. పది నెలలు ఎవరు పోనిచ్చారు? నాలుగోసారి కూడా మొదటి స్వరమే. తర్వాత లోపల పరీక్షకుడి గొంతు, "చాలమ్మా" అనడం వినబడింది.

బయటికి వచ్చినప్పుడు ఎడమచేతి చివరి రెండు వేళ్ళు అరచేతిలోకి ముడుచుకుని ఉన్నాయి. కుడిచేత్తో వాటిని విప్పుతూ, "పరవాయిల్లై సార్" అంది. నన్ను ఓదార్చింది. దారి పొడుగునా రైల్లో ఆ వేళ్ళను విప్పుతూనే ఉంది, అవి ముడుచుకుంటూనే ఉన్నాయి.

మోచేతి దగ్గర నరం నలిగిపోయిందని చెన్నైలో డాక్టరు చెప్పాడు. తిమ్మిరి మొదలైనప్పుడే వచ్చి ఉంటే మందులతో, విశ్రాంతితో పోయేదట. ఆపరేషన్ చేశారు. నొప్పి తగ్గింది గానీ చెయ్యి రాలేదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు అలాగే ఉండిపోయాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టు పోయింది. అంటే నేత మనిషికి ఏమిటో నాకప్పుడు తెలియదు. పోగు తెగితే రెండు కొసలూ పట్టుకుని ముడి వేయాల్సింది ఆ రెండు వేళ్ళతోనే. గిటారు ఒక్కటే పోయిందనుకున్నాను. మగ్గం కూడా పోయింది. ఇంట్లో చోటు చాలడం లేదని గుణ ఆ మగ్గాన్ని విప్పేసి అటక మీద పెట్టాడట.

జూన్‌లో ఎస్తేర్ మేడం సంగీతానికి వేరే మనిషిని పెట్టుకుంది. ఆమెను తప్పుబట్టలేను. వనజాక్షికి చిన్నపిల్లల క్లాసులో ఆయా పని ఇచ్చింది. పిల్లల చెప్పులు విప్పడం, మూతులు తుడవడం, స్టాఫ్ రూముకు టీ తేవడం. ఒంటిచేత్తో అవుతుంది.

ఆ నెలలోనే ఒక ఆదివారం మా గదికి వచ్చింది. చేతిలో గుడ్డ సంచి. బల్ల మీద పెట్టి, "మీ గింజలు సార్" అంది.

"ఉండనియ్యకూడదా" అన్నాను.

"ఇంట్లో అవి కనబడితే చెయ్యి దానంతట అదే ముడుచుకుంటా ఉండాది. మీ కాడే పెట్టుకోండి." అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంత సుఖంగా ఉండేది. అందుకే తిట్టలేదేమో కూడా.

అప్పట్నించి నా క్లాసులో గింజల్లేవు. పిల్లలు స్కేలు ఎక్కడ తప్పితే అక్కడే ఆపుతాను. ముందు రెండు స్వరాలు, తర్వాత రెండు. మెల్లగా. కుదిరాక వెనక ఒకటి, ముందు ఒకటి కలుపుకోవాలి. ఒకరోజు కింద నుంచి, ఒకరోజు పై నుంచి, ఒకరోజు నడిమి నుంచి మొదలుపెట్టాలి. తీగ మోగేటంతే నొక్కాలి. చెయ్యి నొప్పంటే ఆ పూటకు గిటారు పెట్టెలోకి. ఏడాది తిరిగేసరికి ఇద్దరు పిల్లలు నాలుగో గ్రేడు పాసయ్యారు. రంగనాథం సార్ పద్ధతి అని ఊళ్ళో అనడం మొదలుపెట్టారు. నేను కాదనలేదు.

ఆ మాట తిరువళ్ళూరు దాకా పోయింది. పోయిన నెల ఎస్తేర్ మేడం వాళ్ళ సంగీతం టీచర్లకు నా పద్ధతి చూపించమని పిలిచింది. వెళ్ళాను. గంటసేపు చూపించాను. "తెగినచోటే ముడి వేయాలి" అని తమిళంలో చెప్పాను కూడా. నా సొంత మాటలాగే పలికింది.

"ఎంత మంచి పద్ధతి సార్. ఎవరి దగ్గర నేర్చుకున్నారు?" అని ఎస్తేర్ మేడం అడిగింది.

అప్పుడే వనజాక్షి టీ పళ్ళెంతో లోపలికి వచ్చింది. పళ్ళెం కుడిచేతిలో ఉంది, ఎడమచేయి కొంగులో ఉంది. ప్రశ్న విన్నది. నావైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేను చెబుతానని ఎదురుచూస్తున్న మనిషి చూపు అది.

"అంతా అనుభవం మేడం, ఇన్నేళ్ళ అనుభవం" అన్నాను.

వనజాక్షి పళ్ళెం బల్ల మీద పెట్టి, గ్లాసులు ఒక్కొక్కటే దించి వెళ్ళిపోయింది. నా టీ తాగలేకపోయాను.

బడి వదిలాక గేటు దగ్గర నిలబడ్డాను. వచ్చింది. "రేపు మేడంకు ఫోన్ చేసి చెప్తాను వనజాక్షీ. ఆ పద్ధతి నీదని" అన్నాను.

"చెప్తే చెయ్యొస్తాదా సార్?" అంది. రెండడుగులు వేసి ఆగింది. "అయినా చెప్పండి. నాదని చెప్పుకునేదానికి అదొక్కటే మిగిలుండాది." రైలు టైమయిందని వెళ్ళిపోయింది.

మర్నాడు ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఆ మర్నాడూ అంతే. నెలరోజులుగా అంతే. చివరికి నోటితో రానిది రాతలోనైనా వస్తుందని ఇది రాశాను. రాసి, చదువుకుంటుంటే ఇందులోనూ నా పిరికితనమే కనబడింది. తెలుగులో రాశాను. ఎస్తేర్ మేడంకు తెలుగు రాదు. వనజాక్షికి మాట్లాడటమే గానీ చదవడం రాదు, ఆమె చదువంతా తమిళం. తెలియాల్సిన ఇద్దరూ చదవలేని భాషలో నిజం చెప్పి చేతులు దులుపుకుందామనుకున్నాను.

రేపు పొద్దున బండికి తిరువళ్ళూరు వెళ్తాను. స్టాఫ్ రూములో నిలబడి దీన్ని తమిళంలో, మొదటి నుంచి చివరిదాకా చదువుతాను. టీ తెచ్చే వేళకు వెళ్ళాలి, వనజాక్షి కూడా వింటుంది.