రబ్బీ గెదల్యా ఇంటి కప్పు

కొస్త్రోవ్‌లో యూదుల మతగురువు రబ్బీ గెదల్యా ఇల్లెక్కడని అడిగితే, కప్పు మీద పలకలు సగం లేచిపోయిన ఇల్లని చెప్పేవారు. ఎర్ర గడ్డం, పొట్టి కాళ్లు, పరుగులాంటి నడక ఆయనవి. తమ జనాన్ని ఉద్ధరించే మెస్సీయ ఈ ఏడే వస్తాడని, అందరం యెరూషలేం వెళ్లిపోతామని ఆయన నమ్మకం. అందుకే ఇంటికి ఒక్క మేకు కొట్టనిచ్చేవాడు కాదు. సుత్తి పట్టుకొచ్చిన శిష్యులకు వేడి సూపు పోయించి, పాట పాడించి పంపేసేవాడు. వాన కారితే బల్లను ఒక మూల నుంచి ఇంకో మూలకు లాగుతూ తనూ పాడుకునేవాడు.

“పోయినేడూ ఇదే మాటన్నారు,” అనేది భార్య తోయ్బె, చినుకుల కింద గిన్నెలు పెడుతూ.

“పోయినేటి కంటే ఈ ఏడు దగ్గరే కదటే,” అనేవాడాయన.

ఆ శరత్కాలంలో పక్క వీధిలో నిప్పంటుకుని బ్రైనా అనే వితంతువు ఇల్లు కాలిపోయింది. పసిబిడ్డతో వచ్చిన ఆమెకు రబ్బీ తన మంచమే ఇచ్చాడు. మర్నాడు వాన పట్టుకుంది. మంచం ఎటు జరిపినా బిడ్డ మీద చుక్క పడుతూనే ఉంది. బ్రైనా తన శాలువా బిడ్డకు కప్పి, తాను తడుస్తూ కూర్చుంది. అది చూసి రబ్బీ పాట ఆపేశాడు.

కాసేపటికి ఆయన సుత్తితో కప్పెక్కాడని ఊరంతా పొక్కింది. జనం వానలోనే పరుగెత్తుకొచ్చారు. రొట్టెల జీమెల్ మొహం పాలిపోయింది.

“రబ్బీగారూ, అయితే ఇక రాడా ఆయన?”

గెదల్యా నోట్లోని మేకులు చేతిలోకి తీసుకున్నాడు.

“వస్తాడు జీమెల్. వచ్చి, ఈ పసిదాన్నెందుకు తడవనిచ్చావని ముందు నన్నే అడుగుతాడు. నువ్వా నిచ్చెన గట్టిగా పట్టుకో.”