చుక్క ఎంచుకున్న మూల

నా చిన్నప్పుడు మా ఇంట్లో చీపురు ఏ మూలన పెట్టాలన్నా మా తాతయ్య నోటి మాట పడాల్సిందే. నల్గొండ దగ్గరి పల్లె వదిలి దిల్‌సుఖ్‌నగర్‌కు వచ్చిన మేము రెండు వాటాల పెంకుటింట్లో ఒక వాటా కిరాయికి తీసుకున్నాం. ఇల్లు వేరేవాళ్లదే అయినా అందులో దిక్కులు మాత్రం తాతయ్యవే. ఉత్తరాన వీధి తలుపు, ఈశాన్యంలో దేవుడి పటాలు, ఆగ్నేయంలో పొయ్యి, ఇంటి పెద్ద కాబట్టి నైరుతి మూలన ఆయన నులక మంచం. ఆ మంచం అంగుళం జరిగినా ఆయనకు కునుకు పట్టదు. చుట్టుపక్కల ఎవరు బావి తవ్వించినా, గోడ లేపినా ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. అలాంటి మనిషి మాటకు ఎదురు తిరిగే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు, ఒక్క మా పిల్లికి తప్ప.

దాని పేరు చుక్క. ఒళ్లంతా తెలుపు, నుదుట నల్లటి మచ్చ. పగలంతా గోడల మీద తిరుగుతూ, తన అవసరాలు పెరటి మట్టిలో తీర్చుకుని, అన్నం వేళకు మాత్రం లోపలికి వచ్చేది. తెలంగాణ ఉద్యమం మొదటిసారి ఊరూవాడా రగిలిన ఏడాది అది. బడులు మూతపడటంతో మా పిల్లలకు రోజూ పండగే. ఒకనాడు పెద్దరోడ్డు మీద ఊరేగింపు జరుగుతుండగా పోలీసుల విజిల్ వినబడి, జనం చెదిరి మా సందులోకి పరుగెత్తుకొచ్చారు. వీధి గడప ముందు ఎండ కాచుకుంటున్న చుక్క ఆ కాళ్ల కింద పడింది. పశువుల దవాఖానలో దాని వెనక కాలికి వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. ఎముక అతుక్కునేదాకా బయటికి వదలొద్దని మరీమరీ చెప్పారు.

బయటికి వెళ్లలేని పిల్లి మరి తన అవసరాలు ఎక్కడ తీర్చుకోవాలి? ఇప్పటిలా అందుకోసం దుకాణాల్లో డబ్బాలు అమ్మే కాలం కాదు. మా అమ్మ ఒక పాత చెక్కపెట్టెకు, కుంటికాలుతో ఎక్కడానికి వీలుగా, ఒక పక్క బద్ద ఊడగొట్టి లోపల ఇసుక పోసింది. దాన్ని ఎక్కడ పెట్టాలో తాతయ్య క్షణంలో తేల్చేశారు. అలాంటి పనులకు వాయవ్యమే తగిన మూలట. మనుషులకైనా పిల్లికైనా అదే శాస్త్రమట. మా ఇంట్లో వాయవ్యం అంటే వీధి తలుపు పక్కనే. పెట్టె అక్కడికి చేరింది.

చుక్క ఆ ఇసుకను ముట్టనైనా ముట్టలేదు. మొదటిరోజు దేవుడి పటాల కింద తడిపేసింది. అమ్మ పసుపునీళ్లు చల్లి శుద్ధి చేసింది. మర్నాడు బియ్యం బస్తా వెనక కానిచ్చింది. ఆ తర్వాత ఏకంగా తాతయ్య ఉతికి మడతపెట్టుకున్న పంచె మీదే కూర్చుంది. ఆయన కోపానికి ఇల్లు దద్దరిల్లింది.

"మళ్లొక్కసారి ఇల్లు ఖరాబు జేసిందా, తుర్కయంజాల్ బండి ఎక్కిస్త దాన్ని. మీ మేనత్తోళ్ల బాయికాడ పడి ఉంటది."

తుర్కయంజాల్‌లో మా మేనత్తవాళ్ల బావి దగ్గర రెండు కుక్కలు ఉండేవి. మామూలు పిల్లులనే అవి బతకనిచ్చేవి కావు. కాలు విరిగిన చుక్కను అసలే వదలవని నాకు తెలుసు. దాన్ని ఎత్తుకెళ్లి ఇసుకలో కూర్చోబెట్టేదాన్ని. అది నన్ను రక్కి, కుంటుకుంటూ పారిపోయేది. మళ్లీ పట్టుకొచ్చేదాన్ని. చివరికి చేతుల నిండా రక్కులతో పెరట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను.

రెండో వాటాలో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒకామె ఉండేది, నేను అక్కా అని పిలిచేదాన్ని. భర్తకు ఇక్కడ కొలువు. ఉద్యమం మొదలైన నాటి నుంచి తాతయ్య ఆ వాటా గడప తొక్కడం మానేశారు. అక్కతో ఆయనకు తగాదా లేదు. మన కొలువులు మనవాళ్లకు ఎందుకు రావడం లేదన్నది ఆయన బాధ, అందులో న్యాయం ఉంది. అది అక్కకూ తెలుసు కాబట్టి ఆయన ఎదురుపడితే పక్కకు తప్పుకునేది. నాతో మాత్రం ఎప్పటిలాగే ఉండేది. నా ఏడుపు విని గోడ మీంచి సంగతంతా అడిగింది. అడిగి ఊరుకుందా, నేరుగా వచ్చి తాతయ్య మంచం ముందు నిలబడింది.

"తాతగారూ, మీరు చెప్పిన మూల తప్పని నేననట్లేదండీ. కానీ అందులోకి వెళ్లాల్సింది పిల్లి కదా! మనమంతా దాని చుట్టూ చేరి చూస్తూ కూర్చుంటే అదెక్కడికి పోతుంది చెప్పండి. ఒక్క మధ్యాహ్నం ఇల్లు దానికి వదిలేద్దాం. అందరూ మా ఇంటికి రండి."

"మీ ఇంట్లకా?" అన్నారు తాతయ్య.

"అరుగు మీద కూర్చుందామంటే కర్ఫ్యూ కదండీ."

తాతయ్య ఉబ్బిపోయిన నా కళ్ల వైపు చూశారు. "సరే, గా ముచ్చట గూడ జూద్దాం" అంటూ లేచారు.

అందరం బయటికి వచ్చేముందు అక్క పల్చటి గుడ్డలో బియ్యప్పిండి మూటగట్టి, పిల్లి అడుగులు తెలిసేలా నేల మీదంతా దులిపింది. ముగ్గుపిండి ఉంది కదా అని అమ్మ అంటే, పిల్లి కాళ్లు నాక్కుంటుందని, సున్నం కడుపులోకి పోతుందని వద్దంది. తర్వాత అక్క ఇంట్లో చాప మీద కూర్చున్నాం. తాతయ్య బిగుసుకుపోయి గోడకేసి చూస్తున్నారు. అక్క మజ్జిగ ఇస్తే తీసుకున్నారు. అయితే ఎక్కడ కూర్చున్నా ఆయన కళ్లు మూలలు కొలవకుండా ఉండవు కదా! కాసేపటికి ఉండబట్టలేక, "నీ పొయ్యి మంచి దిక్కుకే పెట్టినవ్ బిడ్డా" అన్నారు. బిడ్డా అన్న ఆ పిలుపుకు అక్క కొంగుతో కళ్లొత్తుకుంది.

సాయంత్రం మా తలుపు తీసి చూశాం. పిండి మీద చుక్క నడిచిన దారంతా తేటతెల్లంగా ఉంది. మూడు పాదాల అచ్చులు, వాటి పక్కనే కట్టుకట్టిన కాలు ఈడ్చిన గీత. తాతయ్య గొంతుకూర్చుని ఆ దారి వెంట మెల్లగా జరిగారు. అది తిన్నగా ఇసుక పెట్టె వైపే వెళ్లింది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఆగింది. అక్కడ చుక్క నేలకు కరుచుకుని కూర్చున్నట్టు పిండి చెదిరిపోయి ఉంది. అక్కణ్నుంచి వెనక్కి తిరిగిన గీత ఎక్కడా ఆగకుండా నైరుతి మూలకు, తాతయ్య మంచం కిందికి వెళ్లింది. ఎప్పుడూ ఆయన పడుకునే ఉంటారు కాబట్టి అన్నాళ్లూ దానికి ఆ చోటు దక్కలేదు. పని ముగించుకుని, పిండినంతా గీరి దాని మీద బుద్ధిగా కప్పింది.

తాతయ్య చేతికంటిన పిండి దులుపుకుంటూ లేచారు. ఆయన గొంతులో కోపం లేదు.

"పెట్టె దాకా పోయింది బిడ్డా. పాపం, పోయింది. తలుపును జూసి భయపడ్డది. కాలిరిగింది గాడనే గద. నేను మళ్ల గాడికే పొమ్మన్న."

అని, తన మంచానికి ఒక వైపు పట్టుకుని నన్ను పిలిచారు. "గా పక్క పట్టు."

ఇంటి పెద్ద మంచం వీధి తలుపు దగ్గరికి, పిల్లి పెట్టె నైరుతికి చేరాయి. చుక్క మళ్లీ ఒక్కసారి కూడా ఇల్లు పాడుచేయలేదు. దాని కాలు అతుక్కున్నా, మంచం మాత్రం వెనక్కి వెళ్లలేదు. ఎవరైనా అడిగితే తాతయ్య, వాయవ్యంలో గాలి మంచిగ ఒస్తదని చెప్పేవారు. అక్క రోజూ మజ్జిగ చెంబు పట్టుకుని వచ్చి ఆ మంచం దగ్గరే కాసేపు నిలబడి మాట్లాడేది.

ఆ తర్వాత నా ఇంట్లో ఎవరికి చోటు చూపాల్సి వచ్చినా నాకు ఆ పిండిలోని గీత గుర్తొచ్చేది. ముసలితనంలో అమ్మ నా దగ్గరికి వస్తే విడిగా గది సర్దమన్నారు అందరూ. నేను రెండు రోజులు ఊరికే చూశాను. అమ్మ కుర్చీ లాక్కుని వంటింటి గుమ్మం దగ్గరే కూర్చునేది. మంచం అక్కడికి దగ్గర్లో హాల్లోనే వేశాను. పోయేదాకా ఆవిడ అక్కడే సుఖంగా ఉంది.

మొన్న మా మనవరాలు ఎల్బీనగర్‌లోని మా ఫ్లాట్‌కు ఒక పిల్లిని తెచ్చింది. దాని డబ్బా బాల్కనీలోనా, బాత్‌రూమ్‌లోనా అని ఇంటిల్లిపాదీ ఒకటే వాదన. ఆ మధ్యాహ్నం అందర్నీ బయటికి పంపి, బియ్యప్పిండి దులిపి, తలుపు వేసి నేనూ పక్క ఫ్లాట్‌లో కూర్చున్నాను. తిరిగొచ్చి చూస్తే పాదాల అచ్చులు నా గదిలోకి వెళ్లి, నా మంచం కిందే ఆగాయి. వాస్తు ప్రకారం సరిగ్గా పెట్టించుకున్న మంచం నాది. మోకాళ్ల నొప్పులున్నా వంగి ఒక వైపు పట్టుకుని, రెండో వైపు పట్టమని మనవరాలిని కేకేశాను.