పడవ కాగితాలకు పసుపు

గ్రీసు దేశంలో పడవ కొనాలంటే ప్రయాణం హైదరాబాదులో మదీనాగూడ నుంచి రాయదుర్గానికి మొదలవుతుందని నాకు మొన్నటిదాకా తెలియదు. తెరచాప ఉన్న పాత పడవ అది. పడుకోవడానికి రెండు మంచాలు, ఓ చిన్న స్టవ్వు ఉన్నాయి. ఐటీ ఉద్యోగం వదిలేశాను కనుక ఏటా కొన్ని నెలలు భార్యతో కలిసి దాని మీద ఉండాలని నా కోరిక. మా తరఫున అక్కడ సంతకం పెట్టే ఏజెంటుకు మేమిద్దరం అధికారపత్రం రాసివ్వాలి. నోటరీ అయ్యాక దానికి మన విదేశాంగ శాఖ ముద్ర పడాలి. ఆ కాగితాలు తీసుకునే ఆఫీసు రాయదుర్గంలో ఉంది.

చిక్కల్లా నా భార్య వసుంధరతోనే. గోదావరి ఒడ్డున నర్సాపురంలో పుట్టి పెరిగినా ఆమెకు ఈత రాదు. "నీళ్ళ మీద కాపురం ఏమిటండీ" అని మొదట్లో నవ్వేది. వారం రోజులుగా ఆ మాట కూడా లేదు. నోటరీ చూపించిన చోటల్లా సంతకం పెట్టింది, అంతే. నా మొహం చూసి ఒప్పుకుంటోందేమోనని నా బెంగ. ఆమెకు మనసు లేకపోతే కౌంటరు దగ్గర నుంచైనా వెనక్కి వచ్చేద్దామని రాత్రే నిశ్చయించుకున్నాను. అడుగుదామంటే వద్దంటుందేమోనని భయం.

తొమ్మిదింటికి ఆటో ఎక్కాం. డ్రైవరు నా చేతిలోని కవరు వంక చూశాడు.

"రిజిస్ట్రేషనా సార్? కోకాపేటల ప్లాటా?"

"ప్లాటు కాదు బాబూ, పడవ" అంది వసుంధర.

"పడవనా! ఈ ట్రాఫిక్‌ల ఆటోనే పోతలేదు, పడవ ఏడ నడుపుతరమ్మా?"

గ్రీసులో అని చెప్పాను. "గంత దూరమా! జర పైలం అమ్మా" అన్నాడు. వసుంధర నవ్వి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ నవ్వుకు అర్థమేమిటో కొండాపూర్ దాటినా నాకు తేలలేదు.

రాయదుర్గంలో దిగి, మెళ్ళో ఐడీ కార్డులేసుకున్న కుర్రకారు మధ్య నిలబడి ఇడ్లీ తిన్నాం. పదిన్నరకు మా వంతు వచ్చింది. కౌంటరులోని అమ్మాయి పత్రం తీసి వెలుతురులో పట్టుకుంది.

"సార్, నాలుగు మూలలా మరకలున్నయి. ఇది రిటర్న్ వస్తది."

కళ్ళజోడు పెట్టుకుని చూశాను. మూలమూలకీ వేలికొనంత పచ్చటి చుక్క. పప్పు ఒలికినట్టుందని విసుక్కోబోయాను.

"మరక కాదమ్మా, పసుపు. పొద్దున్నే దేవుడి దగ్గర పెట్టి తీశాను" అంది వసుంధర మెల్లగా.

మా ఇళ్ళల్లో శుభలేఖకు పసుపు పెడతాం, కొత్త ఇంటి దస్తావేజుకు పెడతాం. ఇష్టం లేని పనికి ఎవరూ పెట్టరు. అంతమంది మధ్య నా కళ్ళు చెమర్చాయి.

"మరి నాతో చెప్పలేదేం?"

"భయంగా ఉందంటే మీరు మానేస్తారు. భయమూ ఉంది, రావాలనీ ఉంది. రెండూ ఎలా చెప్పనండీ?"

కౌంటరు అమ్మాయి నవ్వింది. "మా అమ్మ గూడ నా హాల్ టికెట్‌కు పెట్టింది ఆంటీ. ఫికర్ చెయ్యకుండ్రి. కొత్తది రాయించుకొని మూడింటిలోపు రండి."

ఇక పరుగే పరుగు. స్టాంపు పేపరు కొని, మళ్ళీ టైపు చేయించి, పక్క సందులో నోటరీని పట్టుకున్నాం. నా వెనక ఈ దారిన వచ్చేవారికి ఒక్క మాట: పూజ చేసేట్టయితే జిరాక్సుకు చేయండి. మూడు కాకముందే కొత్త పత్రం అందజేశాం. దానికి చేతి తడి అంటకుండా చీరకొంగుతో పట్టుకుని తెచ్చింది వసుంధరే.

తిరుగు ప్రయాణం బస్సులో. ఆధార్ చూపించి ఆమె జీరో టికెట్టు తీసుకుంది, నేను డబ్బిచ్చి తీసుకున్నాను. ఇరవై ఏళ్ళు ఇదే దారిన ఆఫీసుకు తిరిగాను. పక్కన వసుంధర కూర్చోవడం ఇదే మొదలు. దారి ఇంత బాగుంటుందని అప్పట్లో ఎప్పుడూ అనిపించలేదు.

పసుపు పెట్టిన పత్రం ఆమె ఒళ్ళోనే ఉంది.

"ఏవండీ, కాగితానికి వద్దన్నారు. పడవకు రాస్తే వద్దనరుగా?"

"మన పడవకు రాసుకుంటే ఎవరొద్దంటారు?"

బస్సు మదీనాగూడలో ఆగింది. వసుంధర దిగుతూ నా చెయ్యి పట్టుకుంది.

"అయితే మన వైపు ఆడవాళ్ళకు ఈత ఎక్కడ నేర్పుతారో రేపు కనుక్కోండి."