సుగుణమ్మ ఆరాధన ఆపిన ఆదివారం

ఆదివారం పొద్దున దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో నడుస్తుంటే ఏదో మేడ మీది చర్చి నుంచి డోలక్ మోత, దానితో కలిసీ కలవని చప్పట్లు వినిపిస్తాయి. అవి వింటే నాకు సుగుణమ్మ గుర్తొస్తుంది. మన్సూరాబాద్‌లో మా పక్క వాటాలో కిరాయికి ఉండేది. దవాఖానలో ఆయాగా పనిచేసేది. మా అమ్మ పోయాక నేను చర్చికి వెళ్ళడం మానేశాను. అంత వేడుకున్నా వినని దేవుడి ముందు కూర్చోబుద్ధి కాలేదు. అది పైకి చెప్పలేక, "ఇంట్లనే ప్రార్థన చేస్కుంటున్న పెద్దమ్మా" అన్నాను. ఆమె నమ్మలేదు, కోప్పడనూ లేదు. "ఇంట్ల చేసేది నీ కోసం బిడ్డా. చర్చికొచ్చేది పక్కన కూసున్నోళ్ల కోసం" అంది. అప్పుడది నాకు ఊరికే అన్న మాటలా తోచింది.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్న రోజులవి. మా చర్చి సంఘంలో నల్గొండ పల్లెల వాళ్ళూ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళూ ఒకే చాపల మీద కూర్చునేవారు. సుగుణమ్మ డ్యూటీ దిగగానే ఎల్‌బీనగర్ దీక్షా శిబిరానికి వెళ్ళేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మాటా మాటా పెరిగి, సంఘపెద్ద ఒకాయన గుంటూరు కరుణమ్మతో, "మీ ఊరికి పొయ్యి పాడుకోర్రి" అనేశాడట. మా సంఘంలో పాట ఎత్తుకునేది కరుణమ్మే. ఆ తర్వాత ఆమె రాలేదు. కోస్తా కుటుంబాలు ఇళ్ళలోనే ప్రార్థనకు కూడుకోవడం మొదలుపెట్టాయి.

అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఆదివారం వచ్చింది. ఆ రోజు బంద్. రొట్టె విరిచే ముందు సుగుణమ్మ లేచి పాస్టర్‌తో, "అయ్యగారూ, జర ఆగుర్రి" అని చెప్పి, నేరుగా మా గుమ్మంలోకి వచ్చింది. "కరుణమ్మ ఇంటికి పోవాలె. ఆటోలు లెవ్వు, మోకాళ్ళు నొస్తున్నయ్. తోడు రా."

కరుణమ్మ తలుపు తీసింది. "మిమ్మల్ని శిబిరంలో చూశానండీ" అంది.

"చూసినవ్ కదా. రేపు గూడ కూసుంట. తెలంగాణ కావాల్నని అడుగుతున్న. నువ్వు పోవాల్నని ఎన్నడన్న అడిగిన్నా?"

"మరి ఆయన అన్న మాటో?"

"ఆయన ఆడ్నే ఉన్నడు. ఆయన ముందట్నే నా పక్కన కూసో. రాష్ట్రం వేరైతే అయితది గని, ప్రభువు బల్ల వేరు గాదమ్మా."

కరుణమ్మ లోపలికి వెళ్ళి చీర మార్చుకుని వచ్చింది. మేం చర్చికి చేరేసరికి అందరూ అలాగే కూర్చుని ఉన్నారు. ఆ పెద్దాయన లేచి, అందరి ముందూ, "తప్పయింది చెల్లె" అన్నాడు. కరుణమ్మ వెళ్ళి సుగుణమ్మ పక్కన కూర్చుని పాట ఎత్తుకుంది. గొంతు మధ్యలో ఆగిపోతే సుగుణమ్మ శ్రుతి లేని గొంతుతో అందుకుంది. తోడు వచ్చిన నేను వెనుదిరగలేకపోయాను. అమ్మ పోయిన తర్వాత మొదటిసారి రొట్టె తీసుకుని, అందరి మధ్యా కూర్చుని ఏడ్చాను. కరుణమ్మ నా వీపు మీద చెయ్యి వేసింది.

కోస్తా కుటుంబాల్లో అందరూ తిరిగి రాలేదు. రెండు కుటుంబాలు వేరే సంఘానికి వెళ్ళిపోయాయి. రాష్ట్రం వచ్చిన రోజు సుగుణమ్మ మిఠాయి డబ్బా తీసుకుని మొదట కరుణమ్మ ఇంటికే వెళ్ళింది. కొన్నేళ్ళకు సుగుణమ్మను సమాధి చేసినప్పుడు పాడింది కరుణమ్మే.

దేవుడు అమ్మను ఎందుకు బతికించలేదో నాకిప్పటికీ తెలియదు. అయినా ప్రతి ఆదివారం వెళ్తాను. కూర్చోగానే ఎవరు రాలేదో చూస్తాను. ఆరాధన ముగిశాక ఇంటికి వెళ్ళేది వాళ్ళ తలుపు తట్టాకే.