నా చెవులకు దొరికిన ఉద్యోగం

చదువు ముగియగానే నేను టీచరునయ్యాను. దొరవారిసత్రం దగ్గర మిషన్ బడిలో మా నాయన హెడ్మాస్టరు. కూతురు కూడా పంతులమ్మ కావాలన్నది ఆయన పట్టుదల. ట్రెయినింగ్ కాగానే వెంకటాచలం దగ్గర ఒక ఊళ్లో పని దొరికింది. పిల్లలంటే నాకు ఇష్టమే. కానీ తరగతిలో అందరూ ఒక్కసారిగా మాట్లాడుతుంటే ఊపిరాడేది కాదు. నా చెవులు చిన్నప్పటినుంచీ అలాంటివి. వీధిలో పోయేదెవరో చెప్పుల చప్పుడును బట్టి చెప్పేదాన్ని. చర్చిలో పాట పాడుతుంటే ఎవరి గొంతు ఎక్కడ తప్పిందో తెలిసిపోయేది. మిగతా టీచర్లకు తరగతి గోల ఒకటే రొదగా వినిపించేదేమో, నాకు మాత్రం ప్రతి గొంతూ విడివిడిగా వచ్చి తగిలేది. సాయంత్రానికి తల పగిలిపోయేది. ఆ మాట ఇంట్లో చెబితే, "అలవాటవుతుందిలే" అనేవారు.

అరవైల మొదట్లో వేసవి సెలవులకు గూడూరులో మేనత్త ఇంటికి వెళ్లాను. పక్క వాటాలో ఒక అక్క అద్దెకుండేది. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. ఒకరోజు క్యారియరు మరిచిపోయి డ్యూటీకి పోయింది. అత్త దాన్ని నా చేతికిచ్చి పంపింది.

గుమ్మం దగ్గరే ఆగిపోయాను. గోడకు ఆనించిన పెద్ద చెక్క బోర్డు, దాని నిండా నంబర్లు. ఊళ్లో ఎవరైనా ఫోను పక్కనున్న పిడి తిప్పితే వాళ్ల నంబరు మీద చిన్న రేకు మూత టక్కున పడేది. అక్క తీగ గుచ్చి "నంబర్ ప్లీజ్" అనేది. వెంటనే ఇంకో తీగ, ఇంకో గొంతు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, ఒకదాని వెనక ఒకటి. చెవికి తగిలేది ఎప్పుడూ ఒక్క మనిషే!

"ఏంది, అట్టా నిలబడిపోయినావు?" అంది అక్క.

"అక్కా, ఈ పని నాకెట్టా వస్తది?"

ఆమె నవ్వింది. "మనుషుల్ని తీసుకుంటా ఉండారు, అప్లికేషను పెట్టు. తమిళం వచ్చా?"

"మా అమ్మది అరవ పొలిమేరలోని తడ. ఇంట్లో సగం తమిళమే."

"ఇంకేం మరి! మద్రాసు వాళ్లతో మాకు పొద్దస్తమానం తమిళమే."

క్యారియరు అక్కడ పెట్టి వీధిలోకి వచ్చాను. నడిచానో, పరిగెత్తానో గుర్తులేదు.

నాయన ఒప్పుకోలేదు. "పిల్లోళ్లకి అక్షరాలు చెప్పేది వదిలేసి తీగలు గుచ్చేదానికి పోతావా? ఒక్కసారి చూస్తేనే తెలిసిపోయిందా నీకు?"

"తెలిసిపోయింది నాయనా. బళ్లో నేను రోజంతా నన్ను నేను పట్టి లాగినట్టుంటది. అక్కడ అట్టా అనిపించలా."

ఆయన లేచి బయటికి వెళ్లిపోయాడు. ఇంటర్వ్యూలో నెగ్గి ట్రెయినింగుకు బయల్దేరిన రోజున బస్సు దగ్గరికి అమ్మ ఒక్కతే వచ్చింది.

గూడూరులోనే పోస్టింగు ఇచ్చారు. హెడ్‌ఫోను తగిలించుకోగానే లోకంలోని గోలంతా వెనక్కి పోయి, ఎదుట ఒక్క గొంతు మిగిలేది. కొద్ది రోజుల్లోనే "హలో" అనే తీరును బట్టి ఎవరో, ఎంత తొందరలో ఉన్నారో పసిగట్టేదాన్ని. డ్యూటీ ముగిసినా లేవబుద్ధయ్యేది కాదు. అక్కే వచ్చి భుజం తట్టి లేపేది.

మరుసటేడు వానాకాలంలో ఒక ఉదయం, నిమ్మకాయల మండీ నడిపే సాయిబుగారు కలకత్తాకు ట్రంక్ కాల్ బుక్ చేశారు. అది సరుకు గురించి కాదు. ఆయన కూతురు కాన్పుకని అక్కడి ఆసుపత్రిలో చేరిందని టెలిగ్రాం వచ్చింది, ఆ తర్వాత కబురు లేదు. ఆయన గంటగంటకీ ఫోను చేసి, "లైను దొరికిందా పాపా?" అని అడిగేవారు.

మధ్యాహ్నం దాటాక దొరికింది. కానీ దారిలో ఎక్కడో వాన. లైనంతా పెనం మీద నూనె చిటపటలాడినట్టుంది. ఇటు సాయిబుగారు, అటు అల్లుడు అరుస్తున్నారు, ఒకరి మాట ఒకరికి అందడం లేదు. ఫోనులో మాట్లాడుకునే పార్టీల మాటలు మేం వినకూడదన్నది మొదటి నియమం. వాళ్లే అడిగితే మాత్రం అందించవచ్చు.

"పాపా, నీకన్నా వినపడతా ఉందా? చెప్పు తల్లీ!" అన్నారు.

కళ్లు మూసుకున్నాను. ఆ చిటపటల అడుగున సన్నగా, దారపు పోగులాగా ఒక గొంతు ఉంది. కలకత్తా లైను కలిపిన మద్రాసు ఆపరేటరు కూడా చెవి పెట్టింది. నేనెన్నడూ చూడని మనిషి. "పెణ్ కుళందై" అంది తమిళంలో. అదే క్షణంలో నాకు అల్లుడి మాట అందింది.

"సాయిబుగారూ, ఆడబిడ్డ! నిన్న సాయంత్రం పుట్టింది. తల్లీ బిడ్డా బాగుండారంట!"

అవతల మండీలో కూలీలందరికీ వినపడేలా ఆయన కేక. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మద్రాసు ఆమె నవ్వుతోంది, పక్క సీట్లో అక్క నవ్వుతోంది, నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. మర్నాడు ఎక్స్ఛేంజికి హల్వా వచ్చింది, దాంతో పాటు గంపెడు నిమ్మకాయలు!

కొన్నాళ్లకు నాయన గూడూరు వచ్చాడు. అత్త ఆ కాల్ సంగతి చెప్పి ఆయన్ని మండీకి తీసుకుపోయింది. ఎవరి నాయనో తెలియగానే సాయిబుగారు కుర్చీ వేసి, ఫోను తిప్పి, రిసీవరు చేతికిచ్చారట. నా బోర్డు మీద మండీ మూత పడింది.

"నంబర్ ప్లీజ్."

"నంబరు కాదుమ్మా! నేను, మీ నాయన్ని!" ఆయన ఎంత గట్టిగా అరిచాడంటే హెడ్‌ఫోను అదిరింది.

"నాయనా, అరవాల్సిన పన్లేదు. మెల్లగా చెప్పినా వినపడతది."

"యాడుండావమ్మా నువ్వు?"

"రెండు వీధులవతల."

"నా పక్కనే కూర్చోనుండావే!"

ఇంకేదో చెప్పబోయాడు. అంతలో బోర్డు మీద మూతలు టకటకా పడసాగాయి.

"నాయనా, వేరే వాళ్లు పిలస్తా ఉండారు..."

"చూసుకో, చూసుకో! వాళ్లని నిలబెట్టబాక!"

తీగ లాగేశాను. లైను పోయాక కూడా ఆయన కాసేపు రిసీవరు చెవికి ఆనించుకునే ఉన్నాడని సాయిబుగారు తర్వాత చెప్పారు. అప్పటికే నేను నాయుడుపేటకు ఎవరికో లైను కలుపుతున్నాను.