వీధంతటికీ తెలిసిన పాస్‌వర్డ్

మా ఇంటి వైఫై పాస్‌వర్డ్ కోహ్కా అనే ఈ హిందీ ఊళ్లో మా వీధివాళ్లందరికీ తెలుసు. ఎవరూ దొంగతనంగా తెలుసుకోలేదు. మా నాన్న పిలిచి మరీ చెప్పాడు.

నాన్న తెలుగు దేశం నుంచి వచ్చి ఇక్కడి ఉక్కు కర్మాగారంలో, రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. కర్మాగారం ఇచ్చిన సెక్టార్ క్వార్టర్ ఖాళీ చేసి సొంత ఇంటికి వచ్చాక మా వీధిలో మొదట ఫైబర్ కనెక్షన్ పెట్టించింది ఆయనే. రౌటర్ బిగించడానికి వచ్చిన మనిషి పాస్‌వర్డ్ పెట్టే దగ్గర ఆగి, "అంకుల్, కోయీ ఐసా నంబర్ బోలియే జో ఆప్ కభీ నా భూలేఁ" అన్నాడు. ఎన్నటికీ మరిచిపోని నంబరు నాన్నకి ఒకటే ఉంది. ఉద్యోగంలో చేరినప్పుడు ఇచ్చిన టోకెన్ నంబరు. గేటు పాసు మీద, జీతం చీటీ మీద, ఆసుపత్రి పుస్తకం మీద అదే ఉండేది. పాస్‌వర్డ్‌కి అది చాలదు, ఇంకా అక్షరాలు కావాలంటే ముందు ఊరి పేరు తగిలించాడు. అంతే, రౌటర్ మీద ఆకుపచ్చ దీపం వెలిగింది.

ఆ తర్వాత ఎవరైనా ఫోన్ పట్టుకుని మా గేటు దగ్గర నిలబడితే నాన్న కుర్చీలోంచి లేచి వెళ్లి అంకెలు ఒక్కొక్కటీ విడదీసి చెప్పేవాడు. వాళ్లు నొక్కేదాకా ఆగి తర్వాతి అంకె చెప్పేవాడు. రిటైరయ్యాక ఆ నంబరుతో ఆయనకి బయట పని పడలేదు. మా గేటు దగ్గర మాత్రం పడేది.

నాకు అప్పట్లో అందులో తప్పేమీ కనిపించలేదు. మా వీధిలో తోడుకి పెరుగు ఇస్తారు, ఇస్త్రీ పెట్టె ఇస్తారు, నిచ్చెన ఇస్తారు. నెట్టూ అలాగే అనుకున్నాను.

డిగ్రీ అయ్యాక ఇంట్లోంచి చేసే ఉద్యోగం ఒకటి దొరికింది. ఆసుపత్రులు స్కాన్ చేసి పంపిన కాగితాలు చదివి, రోగి వివరాలూ జబ్బూ మందులూ సరిగ్గా ఎక్కాయో లేదో చూసే పని. చదవడం నాకు ఇష్టం, మాట్లాడడం కష్టం. ఫోన్ మోగితే ఎవరో చూసి, ఏం మాట్లాడాలో లోపల ఒకసారి అనుకుని, అప్పుడు ఎత్తే మనిషిని నేను. రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా, శ్రద్ధగా చదివితే చాలే ఉద్యోగం ఒకటి ఈ లోకంలో ఉందని తెలిసినప్పుడు డైరీలో ఒక పేజీ నిండా ఆ సంగతే రాసుకున్నాను.

ఒక మధ్యాహ్నం అమ్మ సీరియల్ చూస్తోంది. కోడలు ఉత్తరం చింపబోతున్న సమయానికి టీవీలో బొమ్మ పోయి, ఎవరో ఒకాయన మోకాలికి ఆకులు కట్టడం మొదలుపెట్టాడు. అమ్మ రిమోట్ నొక్కింది. ఆయన పోయాడు, మళ్లీ వచ్చాడు.

"ఓలమ్మ, ఎవులో మన టీవీలోకి వచ్చీసినారే" అని నవ్వింది అమ్మ. తర్వాత సీరియల్ సంగతి మరిచిపోయి ఆ ఆకులేవో శ్రద్ధగా చూసింది.

వీధిలో ఎవరో తమ ఫోన్‌లో వీడియో చూస్తూ, పెద్ద తెరకి పంపే గుర్తు నొక్కారు. అదే వైఫై మీద మా టీవీ ఉంది కాబట్టి అది మా టీవీకి వచ్చింది. నాకు నవ్వు రాలేదు. ఎదురింట్లోనో పక్కింట్లోనో కూర్చున్నవాళ్ల వేలు మా హాల్లోకి వచ్చిందంటే, నా గదిలోకి రావడానికి ఎంతసేపు అనిపించింది.

కొన్నాళ్లకి మా కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల వైఫై ఇంటివాళ్లకి మాత్రమే తెలిసి ఉండాలి. రౌటర్ లోపలి సెట్టింగులకి ఫ్యాక్టరీలో పెట్టిన లాగిన్ మార్చి ఉండాలి. వచ్చే వారం వీడియో కాల్‌లో అన్నీ చూపించాలి. చూపించలేనివాళ్లు పుణే ఆఫీసుకి వచ్చి పనిచేయవచ్చు. ఆ చివరి మాట మర్యాదకి రాసింది. నా విషయంలో దానికి అర్థం, ఉద్యోగం వదులుకోవడమే.

ఆ వారమంతా రౌటర్ల గురించి దొరికినవన్నీ చదివాను. మా రౌటర్ అడుగున అంటించిన చీటీ చూసి, అందులో ఉన్న లాగిన్ కొడితే లోపలి పేజీ వెంటనే తెరుచుకుంది. అంటే వీధిలో ఎవరు కొట్టినా తెరుచుకునేది. కంపెనీకీ నాకూ మధ్య దారికి వేరే తాళం ఉంటుందనీ, పక్కింటివాళ్లు నా తెర మీది కాగితాలు అంత సులువుగా చదవలేరనీ తెలుసుకున్నాను. కానీ రౌటర్ లోపలికే వెళ్లగలిగినవాడు మనం ఒక సైటుకి వెళ్తున్నామనుకుంటే ఇంకో దొంగ సైటుకి తీసుకుపోగలడనీ తెలిసింది. ఒక తల్లికి పోయిన బిడ్డ సంగతి, ఎవరికో చెప్పుకోలేని జబ్బు సంగతి ఆ కాగితాల్లో ఉంటాయి. వాళ్లెవరికీ నేను తెలియను. అయినా నా గది వాళ్లకి భద్రంగా ఉండాలి.

ఇంకో సంగతి కూడా తట్టింది. నాన్న ఫోన్ తెరిచేది ఆ నంబరుతోనే. పెన్షన్ పేజీ తెరిచేదీ దాంతోనే. ఆయన వీధికి పంచింది వైఫై ఒక్కటే కాదు.

ఆ వారం చివర ఒక రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. "నాన్నా, పాస్‌వర్డ్ మార్చాలి."

"ఎందుకేటి? బాగానే నడుస్తంది కదా."

"వీధంతా వాడుతున్నారు."

"వాడనీ. అన్‌లిమిటెడ్ కదా, తరిగిపోద్దేటి?"

"తరగడం గురించి కాదు నాన్నా. లోపలికి వస్తున్నారు."

అమ్మ అన్నం వడ్డిస్తూ అందుకుంది. "మన దగ్గర ఏటుందని దోసుకుంతారే? అయినా పడుకునే ముందు నేను స్విచ్చి కట్టీసి గుడ్డ కప్పీస్తన్నాను కదా."

అమ్మ రౌటర్‌కి ఒక గుడ్డ కుట్టింది, అంచుకి లేసు కూడా పెట్టింది. దుమ్ము పడకుండా మొదలుపెట్టి, హ్యాకర్లు రాకుండా అన్న నమ్మకం దాకా వచ్చింది. దుమ్ము సంగతి ఏమో గానీ, ఆ గుడ్డ వల్ల పాపం అది వేడెక్కేది.

"దొంగలు పగలు కూడా వస్తారమ్మా" అన్నాను.

"అయ్యన్నీ నెట్టు కంపెనీవోల్లు సూసుకుంతారు" అన్నాడు నాన్న. "ఊరికే కడతన్నామా వోల్లకి?"

"తీగని మన గోడ దాకా తేవడం వాళ్ల పని. గోడ లోపలిది మనదే నాన్నా."

నాన్న కంచంలో చెయ్యి ఆపాడు. "ఇచ్చినది ఎనక్కి ఎలగ తీసుకుంతాం? రేపు వోల్ల మొకం సూడొద్దా?"

అక్కడితో ఆ మాట ఆగిపోయింది. ఇంతకుముందైతే నేనూ ఆగిపోయేదాన్ని. లేచి గదిలోకి వెళ్లి డైరీలో నాన్నతో వాదించి, గెలిచి, నిద్రపోయేదాన్ని. ఈసారి డైరీలో గెలిస్తే ఉద్యోగం నిలవదు. వీడియో కాల్ దగ్గర పడుతోంది.

మర్నాడు సాయంత్రం నాన్న వరండాలో కూర్చుని చెప్పులకి పాలిష్ పెట్టుకుంటున్నాడు. పక్కన కూర్చున్నాను. మిల్లు సంగతులు అడిగితే ఆయన కాదనడు.

"మిషను ఆపి లోపలికి దిగి పనిచేసేటప్పుడు, బయట ఎవరైనా స్విచ్ వేసేస్తే ఎలా నాన్నా?"

"ఎయ్యనేరు. దిగే ముందు స్విచ్చికి తాళం ఏసీసుకుంతాం."

"ఎవరు వేస్తారు? ఫోర్‌మెన్?"

"ఫోర్‌మెన్ కాదు. దిగినోడే. పది మంది దిగితే పది తాళాలు. తాళం మీద చీటీ ఉంతాది, వోడి టోకెన్ నంబరు రాసి. లోపల ఎవులున్నారో అందరికీ కనపడాలి కదా."

"తాళంచెవి?"

"చాబీ వోడి జేబులోనే. ఫోర్‌మెన్ అడిగినా ఇవ్వకూడదు, అన్నదమ్ముడు అడిగినా ఇవ్వకూడదు. ఇచ్చీసి సచ్చినోల్లున్నారు."

"అంటే నంబరు అందరికీ కనిపించాలి, చాబీ ఎవరికీ ఇవ్వకూడదు."

"అంతే మరి."

"మనం నంబరునే చాబీ చేసేశాం నాన్నా."

ఆయన బ్రష్ ఆపలేదు. కాసేపటికి రెండో చెప్పు తీసుకున్నాడు. అది కూడా మెరిసేదాకా రుద్ది, రెండూ పక్కపక్కన పెట్టి వాటికేసి చూస్తూ అన్నాడు. "ఇప్పుడు లోపల పనిచేస్తన్నది నువ్వన్నమాట."

"ఊఁ. మార్చకపోతే ఆ పని ఉండదు నాన్నా."

"అలగైతే మార్సీ. కానీ వీధిలో నువ్వే సెప్పుకో. నేను సెప్పనేను."

న్యాయమే అనిపించింది. మార్చేశాక చెబితే మొహం చాటేసినట్టు ఉంటుంది, ముందే చెప్పాలి. గెస్ట్ నెట్‌వర్క్ అని ఒకటి ఉంటుంది. మన ఫోన్లూ టీవీలూ కంప్యూటర్లూ కనిపించకుండా, వచ్చినవాళ్లకి నెట్టు మాత్రం అందించేది. వీధికి అది ఇచ్చేస్తే సరిపోతుంది కదా అని ఒక పూటంతా ఆశపడ్డాను. నా కాగితాలకి ఇబ్బంది ఉండదు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. కానీ కనెక్షన్ నాన్న పేరు మీద ఉంది. దాని మీద ఎవరు ఏం పిచ్చిపని చేసినా, అడగడానికి వచ్చేవాళ్లు మా తలుపే తడతారు. అది ఇంటికి వచ్చి కూర్చున్నవాళ్లకి ఇవ్వాలి. వీధికి కాదు.

చెప్పాల్సిన మాటలు ముందు కాగితం మీద రాసుకున్నాను. వీధిలో అడుగుపెట్టాక అవి ఒక్కటీ గుర్తులేవు. మొదటి ఇంట్లో నర్సు దీదీ డ్యూటీకి బయల్దేరుతూ, "ఠీక్ హై, మేమే పెట్టించుకుందాం అనుకుంటున్నాం" అని స్కూటీ తీసింది. నా గుండె దడ వృథా అయింది. మిగతా ఇళ్లల్లో కొందరు సరేనన్నారు, కొందరు "మీ నాన్నతో మాట్లాడతాంలే" అన్నారు. వాళ్లకి మళ్లీ చెప్పాను, నాన్నతో కాదు, మాట్లాడితే నాతోనే అని. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఎదురింటి అత్తని చివరికి పెట్టుకున్నాను. అత్త వాళ్లాయనా నాన్నా ఒకే జిల్లా నుంచి వచ్చి ఒకే మిల్లులో చేశారు. నేను పుట్టినప్పుడు ఆసుపత్రికి అన్నం మోసిన మనిషి ఆమె.

"ఏటే గుంటా, గడప దాటనిదానివి, ఇయాల వీధంతా తిరుగుతన్నావట?"

"అత్తా, రేపటి నుంచి మా వైఫై రాదు. మీరు వేరేగా పెట్టించుకోండి."

"మీ నాన్న సెప్పమన్నాడా?"

"నేనే చెప్తున్నాను. నా ఉద్యోగానికి అలా ఉండాలి."

"నీ ఉద్యోగం నేనేటి తినీసినానా? కూకుని నాలుగు వీడియోలు సూసుకుంతాను. నీ ఇంట్లోకొచ్చి దూరతన్నానేటి?"

ఆమె మోకాలికి కట్టిన ఆకులు అప్పుడు చూశాను. "దూరారు కదత్తా. మోకాళ్లకి ఆకులు కట్టేది మా టీవీలో వచ్చింది."

అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అది మీ ఇంట్లో వచ్చీసిందేటి? ఆ మూల బొమ్మ నొక్కితే ఏటవుద్దో నాకేటి తెల్దు." నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు అయిపోయాక మళ్లీ మొహం బిగించింది. "సదువుకున్నోల్లకి మనసు సిన్నదైపోద్దనుకుంతాను."

"నాది చిన్నదే అత్తా. మా ఇంటికి రండి, వచ్చినంతసేపూ ఇస్తాను. మీ ఇంటికి మాత్రం ఇవ్వను."

"నీ నెట్టు కోసం నేను మీ ఇంటికి రావాలా? ఎల్లు ఎల్లు."

వచ్చేశాను. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. మర్నాడు పొద్దున్నే రౌటర్ లోపలి లాగిన్ మార్చాను. వైఫైకి ఒకదానితో ఒకటి పొత్తులేని నాలుగు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పాస్‌వర్డ్ పెట్టాను. బటన్ నొక్కితే కలిసిపోయే సౌకర్యం తీసేశాను. కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. అమ్మని బతిమాలి గుడ్డ తీయించాను. నాన్న ఫోన్ అడిగి తీసుకుని, పక్కన కూర్చోబెట్టుకుని, దానికీ పెన్షన్ పేజీకీ వేరు వేరు పాస్‌వర్డ్‌లు ఆయన చేతే పెట్టించాను. అవేమిటో నాకు చెప్పబోతే వద్దన్నాను.

వీడియో కాల్‌లో కంపెనీ ఆవిడ నిదానంగా ఒక్కో పేజీ తెరిపించింది. పాత పాస్‌వర్డ్ కొట్టి చూపించమంది. కొట్టాను. తప్పు అని వచ్చింది. నాన్న గుమ్మం దగ్గర నిలబడి చూస్తున్నాడని అప్పుడు గమనించాను. కాల్ అయ్యాక, "ఉద్యోగం ఉందా?" అని మాత్రం అడిగాడు. ఉందన్నాను.

ఎదురింటి అత్త కొన్నాళ్లు మా గేటుకేసి చూడకుండా కూరగాయలు బేరమాడింది. తర్వాత ఒక మధ్యాహ్నం చెప్పులు విడిచి నేరుగా హాల్లోకి వచ్చి కూర్చుంది. "మీ అమ్మని సూసి సాన్నాళ్లయింది, అందుకొచ్చాను" అంది, ఫోన్ నాకేసి చాపుతూ. గెస్ట్ పాస్‌వర్డ్ కొట్టి ఇచ్చాను. అమ్మా ఆమే ఒకే ఫోన్‌లోకి తలలు దూర్చి ఏదో చూస్తూ ఉండిపోయారు. నేను తలుపు దగ్గరికి వేసుకుని నా పని చేసుకున్నాను.

వెళ్లేటప్పుడు నా గది గుమ్మం దగ్గర ఆగింది. "నేనెల్లిపోయాక మార్సీస్తావేటి?"

"మారుస్తాను అత్తా."

"ఉంచితే ఏటి పోద్ది?"

"ఉంచను. రేపు వస్తే కొత్తది ఇస్తాను."

"మొండి గుంటవే" అంది అత్త. ఆమె గేటు వేసుకుని వెళ్లాక గెస్ట్ పాస్‌వర్డ్ మార్చి, కంప్యూటర్ ముందు కూర్చుని, తర్వాతి రోగి కాగితం తెరిచాను.