పీలింగ్ క్లినిక్‌లో వినబడ్డ తెలుగు

నేను కోల్‌కతాలో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఇక్కడే ఉండిపోయాను. మా ఆవిడ బుగ్గల మీద ఏళ్ళ తరబడి మంగు మచ్చలున్నాయి. మందు రాసి చర్మం పైపొర ఊడదీసే కెమికల్ పీల్ చేయించుకుంటానని ఆమె పట్టుబడితే, పదిమందినీ వాకబు చేసి, ‘స్కిన్ స్పెషలిస్ట్’ అని బోర్డున్న ఒక క్లినిక్‌కు తీసుకెళ్ళాను.

డాక్టరుగారేరని బెంగాలీలో అడిగాను. "ఎక్ఖుని ఆస్‌ఛేన్, దాదా" (ఇప్పుడే వస్తున్నారు) అంటూ అక్కడి అమ్మాయిలిద్దరూ మా ఆవిణ్ణి పడుకోబెట్టి, కళ్ళ మీద తడి దూది పెట్టారు. నేను పక్కనే కూర్చున్నాను.

ఒకమ్మాయి సీసా మూత తీస్తూ రెండో అమ్మాయితో మెల్లగా అంది:

"ఏటే, నిన్న ఆ బెంగాలీ ఆవిడ మొగం మాడిపోనాది ఈ సీసాతోనే కదేటి?"

"నువ్వూరుకోయే! అడగడానికి డాక్టరెవుడున్నాడిక్కడ? ఓనరు మేడమ్ ఇదే రాయమంది."



"ఆగండమ్మా! ఆ సీసా కింద పెట్టండి!" అని తెలుగులో అరిచాను. మా ఆవిడ దూది తీసి పారేసి లేచి కూర్చుంది.

సీసా పట్టుకున్న అమ్మాయి దాన్ని గబుక్కున బల్ల మీద పెట్టేసింది.

"అయ్యో బాబూ, మీరు తెలుగోలా! ముందే సెప్పకపోనారా? మీకైతే వొద్దని సెప్పీవోలం కదా!"

సీసా కన్నా ఆ మాటకే నాకు ఎక్కువ భయమేసింది. మేము తెలుగువాళ్ళం కాకపోతే చూస్తూ ఊరుకునేవారన్నమాట!

మేము బయటికి వస్తుంటే ఒక బెంగాలీ యువతి లోపలికి వస్తోంది. మా ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుని గుమ్మంలోనే ఆపి, విన్నదంతా బెంగాలీలో చెప్పింది.